నాటకానికి నెలకు ఇరవై వేలు: ఫార్వర్డు మెసేజీలో లేని సంగతులు

నాటకాలు రాసేవాళ్ళకు కేంద్ర ప్రభుత్వం రెండేళ్ళ పాటు నెలకు 20,000 రూపాయలు ఇస్తుంది, వెంటనే అప్లై చేయండి అంటూ ఒక మెసేజీ మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. తేదీ ఉండదు, పథకం పేరు ఉండదు, కింద నమస్కారం బొమ్మ మాత్రం ఉంటుంది. ఇది నిజమేనా అని హోసూరు నుంచి, సోలాపూరు నుంచి, బరంపురం నుంచి మమ్మల్ని అడుగుతున్నారు. సగం నిజం. ఆ సగాన్నే నమ్ముకుని దరఖాస్తు పెడితే పని జరగదు కాబట్టి మిగతా సగం ఇక్కడ రాస్తున్నాం.

పథకం ఉన్న మాట వాస్తవం. కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ ఇచ్చే ఈ సహాయాన్ని అందరూ జూనియర్ ఫెలోషిప్, సీనియర్ ఫెలోషిప్ అని పిలుస్తారు. ఢిల్లీలో ద్వారకలో ఉన్న సీసీఆర్‌టీ అనే సంస్థ ద్వారా దరఖాస్తులు తీసుకుంటారు. 25 నుంచి 40 ఏళ్ళ మధ్య వాళ్ళకు జూనియర్, నెలకు 10,000 రూపాయలు. 40 దాటినవాళ్ళకు సీనియర్, నెలకు 20,000. రెండూ రెండేళ్ళే. అంటే మొత్తం మీద జూనియర్‌కు 2,40,000, సీనియర్‌కు 4,80,000 రూపాయలు వస్తాయి. ఒక ఏటి బ్యాచికి దేశం మొత్తం మీద 400 దాకా ఇస్తారు, అందులో సగం జూనియర్, సగం సీనియర్. సంగీతం, నృత్యం, చిత్రకళ, తోలుబొమ్మలాట, సాహిత్యం, జానపద కళలు అన్నీ ఆ 400లోనే. నాటకరంగానికి మిగిలేది ఎంతో, అందులో తెలుగుకు వచ్చేది ఎంతో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

ఇక మెసేజీలో లేని సంగతి. ఈ ఫెలోషిప్ పరిశోధన కోసం. శిక్షణ ఇవ్వడానికి, వర్క్‌షాపులు, సెమినార్లు పెట్టడానికి, ఆత్మకథ రాసుకోవడానికి, కల్పిత రచనలు చేయడానికి కాదని నిబంధనల్లోనే ఉంది. కాబట్టి "వరకట్నం మీద ఒక సాంఘిక నాటకం రాస్తాను, ఫెలోషిప్ ఇప్పించండి" అని అడిగితే, ఆ నాటకం ఎంత గొప్పదైనా ఆ ప్రతిపాదన నిబంధన దాటదు. అయితే అదే చోట ఇంకో మాట కూడా ఉంది. పుస్తకాలు తిరగేసే పరిశోధననే కాదు, ప్రదర్శనకు సంబంధించిన పరిశోధననూ ప్రోత్సహిస్తామని. నాటకం రాసేవాళ్ళు లోపలికి అడుగు పెట్టగలిగేది ఆ వాకిలి నుంచే.

ఈ నిబంధన న్యాయమా అని అడిగితే నాటకకర్త వైపు నుంచి చూసినప్పుడు కాదనే మేము అంటాం. నాటకం రాయడానికి కావలసింది కాగితం, కలం కాదు, తీరిక. ఆ తీరికకు డబ్బు కట్టే వాడు తెలుగులో ఎవరూ లేరు. పరిషత్తు పోటీలు ఉన్నాయి, కానీ అవి ఆడిన నాటకానికి బహుమతి ఇస్తాయి, రాసే రోజుల్లో ఇల్లు గడవడానికి ఇవ్వవు. ముంబయిలో సుల్తాన్ పదంసీ పేరిట ఇచ్చే నాటక రచన బహుమతి, చెన్నైలో హిందూ పత్రిక పెట్టిన నాటక రచన బహుమతి, రెండూ ఇంగ్లీషు నాటకాలకే. ముంబయిలోనో చెన్నైలోనో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం పిల్ల నాటకం రాయాలనుకుంటే ఇంగ్లీషులో రాస్తేనే తలుపు తెరుచుకుంటుందన్నమాట. ఆ పిల్ల ఇంగ్లీషులో రాస్తే మనకు కోపం ఎందుకు?

కానీ రెండు తెలుగు రాష్ట్రాల బయట స్థిరపడ్డ మన విషయంలో పరిశోధన అన్న ఈ షరతు కొంత కలిసివచ్చేదే. కారణం చెబుతాం. మనలో ఎవరైనా మన గురించి నాటకం రాయాలంటే ముందు మన సంగతులు మనమే వెతుక్కోవాలి. అవి పుస్తకాల్లో లేవు. వెతకడానికి ప్రభుత్వం డబ్బిస్తానంటోంది. వెతికాక నాటకం రాయవద్దని ఎవరూ అనలేదు.

బళ్ళారి సంగతే చూడండి. తెలుగువాళ్ళు ఆంధ్ర నాటక పితామహుడని పిలుచుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో వకీలు. ఆయన నాటకాలు ఆడింది బళ్ళారి సరస వినోదిని సభ. విషాదాంతంగా నడిచిన విషాద సారంగధర ఆయనదే. అదే ఊళ్ళో, ఆయనకు ఒక ఏడాది చిన్నవాడైన కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పెట్టి చరిత్ర నాటకాలు రాశారు. విజయనగరం పతనం మీద ఆయన నాటకం రాసింది హంపీకి మరీ దూరం కాని ఊళ్ళో కూర్చుని. ఆయనా వకీలే. ఇద్దరు వకీళ్ళు ఒకే ఊళ్ళో పోటాపోటీగా నాటక సభలు నడిపారంటే అప్పుడు ఆ ఊరి కోర్టులో పని ఎలా సాగిందోనని మాకు అనుమానం. ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టిన నటుడు, తెలుగులోనూ కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ వేషం కట్టినవాడు. 1946లో పోయారు. ఆయన పేరు మీద రాఘవ కళామందిరం ఇప్పటికీ బళ్ళారిలో ఉంది.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. తెలుగు నాటక చరిత్ర పుస్తకాల్లో బళ్ళారి ప్రస్తావన రాఘవతో దాదాపు ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ నాటక సమాజాలు ఏమయ్యాయి? ప్రేక్షకులు కన్నడ నాటకానికి మళ్ళారా, సినిమాకు మళ్ళారా? తెలుగు నటులు కన్నడ కంపెనీల్లో చేరారా? ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పిల్లలు ధర్మవరం వారి పద్యాన్ని ఎప్పటి దాకా పాడారు? ఇవి చెప్పగలిగిన వాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు, ఎనభై దాటినవాళ్ళు. ఇంకో పదేళ్ళలో ఉండరు. నిబంధన అడిగే పరిశోధన అంటే ఇదే. ఇందులోంచి పుట్టే నాటకం ఎలా ఉంటుందో ఊహించుకోండి: ఒక నాటక సభ సభ్యులు రిహార్సలుకు వస్తారు, బయట రాష్ట్రం మారిపోతుంది.

తంజావూరు దగ్గర మెలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళం ఆడతారు. మెలట్టూరు వేంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రము, ఇంకా ఆయన నాటకాలు, తెలుగులోనే. చుట్టూ ఉన్నది తమిళ దేశం. నృత్యం వైపు నుంచి దీని మీద చాలా పని జరిగింది. ఆ తెలుగును పాత్రధారులు ఎలా నేర్చుకుంటారు, ఏ లిపిలో రాసుకుంటారు, ముందు వరుసలో కూర్చున్న ఊరివాళ్ళకు ఎంత అర్థమవుతుంది అన్నది మాత్రం నాటకకర్త కన్నుతో చూడవలసిన సంగతి. సోలాపూరులో మగ్గాల కోసం తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. వాళ్ళ కులానికి మార్కండేయ పురాణాన్ని పటం చూపిస్తూ చెప్పే కూనపులివాళ్ళు తెలంగాణలో ఉన్నారు. ఆ పటం సోలాపూరు దాకా వచ్చేదా, ఎప్పుడు ఆగింది, ఇప్పుడు ఎవరికి గుర్తుంది? దీనికి జవాబు తెలిసిన అవ్వ ఏ పేటలోనో ఉండే ఉంటుంది. పర్లాకిమిడి, బరంపురం, యానాం, ఒక్కో ఊరికీ ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంది. మేము ఇక్కడ అన్నీ రాయడం లేదు. ఆ ఊరివాళ్ళే బాగా రాయగలరు.

దరఖాస్తు దగ్గరికి వద్దాం. ఈ పథకాల్లో రాతపని తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ప్రతిభలో ఉండదు, కాగితాల్లో ఉంటుంది. ఆఫీసులో ఫైళ్ళు మోసిన అనుభవంతో చెబుతున్న మాట ఇది. ప్రతిపాదనలో "తెలుగు సంస్కృతిని కాపాడటం" అని మొదలుపెట్టవద్దు. దేశంలో ప్రతి భాషలోనూ ప్రతి ఒక్కరూ అలాగే మొదలుపెడతారు. ఒక ప్రశ్న పెట్టండి, ఒక ఊరు పెట్టండి, ఒక కాలం పెట్టండి. "1953కు ముందూ తర్వాతా బళ్ళారి తెలుగు నాటక సమాజాలు" అంటే చదివే మనిషికి పని కంటికి కనిపిస్తుంది. "కర్ణాటకలో తెలుగు నాటక వైభవం" అంటే ఏమీ కనిపించదు. మొదటి ఆరు నెలల్లో ఎంతమందిని కలుస్తారు, రెండో ఆరు నెలల్లో ఏ గ్రంథాలయంలో కూర్చుంటారు, మూడో ఆరు నెలల్లో ఏ సన్నివేశాలు చదివించి చూస్తారు, చివరకు ఏం అందజేస్తారు, ఇలా విడదీసి రాయండి. ఆరు నెలల లెక్క ఎందుకంటే డబ్బు వచ్చేదీ అలాగే. నాలుగు వాయిదాలు. పని నివేదిక పోతేనే తర్వాతి వాయిదా కదులుతుంది.

అందుకే ఇంకో మాట. ఎంపికయ్యామని తెలియగానే ఉద్యోగం మానేయవద్దు. ప్రకటనకూ ఎంపికకూ మధ్య ఎంత కాలం పడుతుందో చెప్పలేం, నివేదిక పంపిన మర్నాడే డబ్బు పడదు. నెలకు 10,000 అని కాగితం మీద ఉన్నా చేతికి వచ్చేది ఆరు నెలల ముద్ద. బళ్ళారి నుంచి హైదరాబాదుకో చెన్నైకో పాత పత్రికలు చూడటానికి రెండుసార్లు వెళ్ళివస్తే, అక్కడ నాలుగు రోజులు ఉంటే, ఎంత మిగులుతుందో వేసుకోండి. ప్రైవేటు బడిలో పాఠం చెప్పే అమ్మాయికి, అంగడి నడుపుకునే అబ్బాయికి ఇది ఆసరాయే కానీ జీతం కాదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు తమ ఆఫీసు అనుమతి కాగితం ముందే చూసుకోవాలి.

సామర్థ్యానికి రుజువులు జత చేయాలి. మన పిల్లలు ఇక్కడే వెనకబడుతున్నారు. హైదరాబాదు కుర్రాడి దగ్గర రవీంద్రభారతి ఫొటో, పత్రిక కటింగు, విశ్వవిద్యాలయం సర్టిఫికెట్టు ఉంటాయి. మన అమ్మాయి నాటకం ఆడింది ఉగాది నాడు కల్యాణ మంటపంలో, భోజనాలకు ముందు, అరగంట. కరపత్రంలో ఆమె పేరు లేదు, "సాంస్కృతిక కార్యక్రమాలు" అని మాత్రమే ఉంది. ఆ అరగంట కోసం ఆమె మూడు నెలలు రాసింది, పదిమందిని పోగు చేసింది, తెలుగు చదవడం రాని ముగ్గురికి డైలాగులు కన్నడ అక్షరాల్లో రాసి ఇచ్చింది. వీటిలో ఏదీ రుజువుగా మిగలలేదు. సంఘం ఇచ్చే ఉత్తరం అయినా పనికొస్తుందా అంటే, "వీరు మా సంఘ సభ్యులు, మంచి నడవడిక కలవారు" అని ఉంటుంది. అది అద్దె ఇంటికి పనికొస్తుంది. ఫెలోషిప్‌కు కావలసిన ఉత్తరంలో నాటకం పేరు, రాసినవారి పేరు, తేదీ, ఏ మంటపం, ఎంతసేపు, ఎంతమంది నటులు, ప్రేక్షకులు సుమారు ఎంతమంది అని ఉండాలి. కింద కార్యదర్శి సంతకం, మినిట్స్ పుస్తకంలో ఆ తీర్మానం నంబరు. కార్యవర్గం సమావేశంలో ఈ వివరాలు నమోదు చేయడానికి పది నిమిషాలు చాలు. ఏ ఊరి సంఘమైనా ఈ ఉగాది నుంచే మొదలుపెట్టవచ్చు.

పాత నాటకాలను వాడుకోవచ్చా అని కొందరు అడుగుతున్నారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. ధర్మవరం వారు 1912లో, కోలాచలం వారు 1919లో పోయారు. వాళ్ళ నాటకాల్లోంచి సన్నివేశాలు తీసుకుని కొత్తగా కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ మీ ఊరి మాస్టారు 1975లో రాసి ఆడించిన నాటకం అలా కాదు. వాళ్ళ ఇంటివాళ్ళను అడిగి, ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసేటప్పుడు కూడా అంతే. ఆ తాత ఎవరితో గొడవపడి సమాజం వదిలేశాడో మీకు చెప్పి ఉంటాడు. నాటకంలో పెట్టేముందు ఆయన ఒప్పుకోవాలి.

ఏ తెలుగులో రాయాలన్న ప్రశ్న వేరే ఉంది. ఫారం నింపడానికి సాయం చేసేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు. మేము చెప్పేది నాటకం సంభాషణల గురించి. మనవాళ్ళు చూపించిన రాతప్రతుల్లో ఒక జబ్బు కనిపిస్తోంది. ఇంట్లో "ఉండాది", "ఏమిటికి" అని మాట్లాడే హోసూరు కుటుంబం నాటకంలోకి వచ్చేసరికి విజయవాడ సినిమా భాష మాట్లాడుతుంది. ఇంట్లో "ఏటి" అనే బరంపురం అమ్మమ్మ రంగస్థలం మీద టీవీ యాంకరులా పలుకుతుంది. మన తెలుగు తప్పు తెలుగు అని ఎవరో అంటారన్న భయం. పర్లాకిమిడిలో పంతులుగా ఉండి వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఆ పోరాటం ఫలితం ఆంధ్రకు, తెలంగాణకు అందింది, మన దగ్గరే అందలేదు అనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే ప్రతిపాదనల్లో లేనిదీ, మన దగ్గర మాత్రమే ఉన్నదీ ఈ పలుకే. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ కలిసిన మాటను అలాగే ఉంచండి. పిల్లలు తమిళ లిపిలో రాసుకుంటే రాసుకోనివ్వండి. జత చేసేటప్పుడు తెలుగు లిపిలో ఒక ప్రతి తయారు చేసుకోవచ్చు. అక్షరం రానందుకు మాట పోగొట్టుకోవలసిన పని లేదు.

నేరుగా నాటకం తయారు చేయడానికే సాయం కావాలంటే ఇంకో చోటు ఉంది. బెంగుళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, 1993లో మొదలైన ప్రభుత్వేతర సంస్థ. కళల పరిశోధనకూ, కళాసాధనకూ గ్రాంట్లు ఇస్తుంది. ప్రతిపాదనను భారతీయ భాషల్లోనే రాసి పంపవచ్చు, ఇంగ్లీషు తప్పనిసరి కాదు. ఈ ఒక్క మాట మన గ్రూపుల్లో ఎందుకు తిరగదో తెలియదు. అక్కడ కూడా ఒక ప్రదర్శనకు మైకు, లైట్లు, మేకప్ ఖర్చులు ఇమ్మంటే ఇవ్వరు. ఈ నాటకంతో మీరు కొత్తగా ఏం వెతుకుతున్నారని అడుగుతారు. పైన చెప్పినట్టు ఒక ప్రశ్న పట్టుకుని తయారైన వాళ్ళకు అక్కడా జవాబు సిద్ధంగా ఉంటుంది.

30 ఏళ్ళ లోపు వాళ్ళు పీఎం యువ పథకం గురించి కూడా అడుగుతున్నారు. నేషనల్ బుక్ ట్రస్టు నడుపుతుంది, ఆరు నెలల పాటు నెలకు 50,000 రూపాయలు. కానీ అది పుస్తక రచనకు, విషయం వాళ్ళే ఇస్తారు. ఏ ప్రక్రియలకు అవకాశం ఉందో ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి. 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకు సంస్కృతి శాఖ నెలకు 5,000 చొప్పున రెండేళ్ళు ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది, అది గురువు దగ్గర నేర్చుకోవడానికి, రాయడానికి కాదు. నటన నేర్చుకునే పిల్లలు దాన్ని చూడవచ్చు.

మా భయం ఒకటే. ఫెలోషిప్ వచ్చి, రెండేళ్ళు తిరిగి, నివేదిక ఢిల్లీకి పోయి అక్కడే ఉండిపోతే మన ఊరికి మిగిలేది ఏమీ లేదు. పరిశోధన అని డబ్బు తీసుకున్న మనిషి చివరకు నాటకం రాయడానికి ఊళ్ళో ఎవరైనా ఎదురుచూస్తుండాలి. దానికి పెద్ద నిధి అక్కర్లేదు. మన సంఘాలు ఉగాది భోజనాలకు పెట్టే ఖర్చులో పదో వంతు ఒక కొత్త నాటకానికి తీసిపెట్టి, రాసే మనిషికి ఆ మాట ముందుగానే ఉత్తరం రూపంలో ఇవ్వవచ్చు. ఆ ఉత్తరాన్ని దరఖాస్తుకు జత చేస్తే అదీ ఒక రుజువే. అరిసెలు ఒకటి తగ్గితే ఎవరూ సంఘం వదిలిపోరు.

తర్వాతి ప్రకటన ఎప్పుడు వస్తుందో తేదీ చెప్పలేం. వచ్చాక గడువు చూసుకుని పరుగెత్తేకంటే ఇప్పుడే చేయగలిగిన పని ఒకటి ఉంది. మీ ఇంట్లో పాత నాటకాల కరపత్రాలు, చేతిరాత ప్రతులు, వేషాల ఫొటోలు, టికెట్ల పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్ళు ఉంటే మీ ఊరి తెలుగు సంఘం కార్యాలయానికి తీసుకెళ్ళి స్కాన్ చేయించండి, అసలు ప్రతులు మీ దగ్గరే ఉంచుకోండి. ఫొటో వెనక ఎవరెవరు ఉన్నారో, ఏ ఊరో, ఏ ఏడో పెన్సిలుతో రాయించండి. రాయించేది ఆ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ చేత.